భూమక్క పురుగు తోడు

భూమక్క ఇంట్లో పెరుగు తోడుకు ముప్పై ఒక్క ఏళ్లు. ఆమె కాపురానికి వచ్చిన రోజున అత్త ఎంకవ్వ గరిటెడు పెరుగు గిన్నెలో వేసి చేతికిచ్చి, "గిది ఒడువద్దు, ఎరుకేనా?" అందట. ఆ తర్వాత అత్త పోయింది, బర్రెలు నాలుగు మారాయి, పెంకుటిల్లు స్లాబుటిల్లు అయింది. తోడు మాత్రం ఒడవలేదు, ఒక్కరోజూ అయిపోలేదు. ఈ ముప్పై ఒక్క ఏళ్లలో భూమక్క ఏ గడపా తొక్కి తోడు అడగలేదు. ఊళ్లో సగం ఇళ్లు ఆమె గడప తొక్కి అడిగాయి. ఆమె చెప్పుకొనే గొప్ప అదొక్కటే. నాకు పెరుగు వాసన కూడా పడదు. అయినా ఈ సంగతి నాతో కనీసం ఇరవైసార్లు చెప్పింది.

నా పేరు శైలేందర్. లింగంపేట మండలంలో నాలుగు ఊళ్లకు వ్యవసాయ విస్తరణాధికారిని. ఎల్లారెడ్డిలో అద్దెకుంటూ రోజూ బండి మీద వచ్చిపోతుంటాను. నాకు కోపం ఎక్కువని రైతులు అంటారు. అది అబద్ధం. ఒక మాట పదిసార్లు చెప్పినా వినని మనిషిని చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది, అంతే. భూమక్క ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే అక్కడ నాకు మళ్లీ చాయ్ పుట్టదు.

భూమక్కకు రెండెకరాల మక్కచేను, అంటే మొక్కజొన్న, ఉంది. మిగతా వేళల్లో అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతుంది. భర్త సిద్దిరాములుకు ఒక తైవాన్ పంపు ఉంది. దాన్ని వీపున వేసుకుని ఊరూరా తిరిగి చేలకు మందు కొట్టడం ఆయన పని. పురుగు కనిపిస్తే మందు కొడతాడు. కనిపించకపోతే రేపు కనిపిస్తుందని కొడతాడు. ఇంటికి రాగానే తాను కాళ్లు కడుక్కోక ముందే పంపును కడిగి, తుడిచి, మంచం పక్కన నిలబెట్టుకుంటాడు. ఆ పంపుకు జరిగే సేవ చూసి భూమక్క, "నాకు జరం వస్తే గూడ గింత తుడువలే" అంటుంది.

ఇక లింగవ్వ. ఆమెది పక్కిల్లు, పక్కచేను. భర్త అబ్రాహాము ఎల్లారెడ్డిలో సెంట్రింగ్ పనికి పోతాడు. ఆదివారం ఇద్దరూ చర్చికి పోతారు. మిగతా ఆరు రోజులూ లింగవ్వ బీడీల చాట భూమక్క అరుగు మీదే ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా రెండు చాటలు పక్కపక్కనే. ఒకరి చాటలో తునికాకు అయిపోతే రెండోవాళ్లు అడగకుండానే తీసి వేస్తారు. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను ఏ పథకం గురించి చెప్పబోయినా ఎవరికీ వినపడదు.

మొన్నటి వానాకాలంలో మక్కకు కత్తెర పురుగు పట్టింది. అది పగలంతా మొక్క సుడిలో దాక్కుని, లేత ఆకును లోపలి నుంచి కొరికి, పైన రంపపు పొట్టులాంటి పెంట పోసి, ఆ పెంటనే తలుపులా వేసుకుని హాయిగా బతుకుతుంది. సిద్దిరాములు సొంత చేనుకు రెండుసార్లు కొట్టాడు. మందు ఆకుల మీద పడింది, పురుగు సుడిలో ఉంది. ఇద్దరూ కలవలేదు. ఈలోగా సదాశివనగర్ వైపు పెద్ద బేరం దొరికి, ఆయన పంపుతో సహా అటు వెళ్లిపోయాడు. ఇక్కడ వారం రోజులు ముసురు పట్టింది.

ముసురు తగ్గిన పొద్దున భూమక్క ఫోన్ చేసింది.

"సారూ, పురుగులు మిద్దెక్కినయి. జల్ది రా."

"ఏ మిద్దె?"

"వస్తే తెలుస్తది గదా!"

గొణుక్కుంటూ వెళ్లాను. చేలో అడుగుపెట్టగానే గొణుగుడు ఆగిపోయింది. సుడిలో దాక్కోవాల్సిన పురుగులు ఆకుల కొసలకెక్కి, కాళ్లతో ఆకును గట్టిగా పట్టుకుని, బిగుసుకుపోయి చచ్చి ఉన్నాయి. ఒంటినిండా సున్నం పూసినంత తెలుపు. కొన్నింటి మీద లేత పచ్చని పొడి. పుస్తకంలో చూశాను గాని కళ్లతో చూడటం అదే మొదటిసారి. చిన్నపిల్లాడిలా సాలు సాలుకూ పరుగెత్తి ఫోటోలు తీశాను.

"ఎవలు సంపిండ్రు సారూ ఇయ్యిటిని?" అంది భూమక్క.

"బూజు."

"మామిడికాయ తొక్కు మీద పడుతదే, గదేనా?"

"దాని దూరపు చుట్టం. పురుగు ఒంట్లో చేరి లోపలి నుంచి తింటుంది. చచ్చే ముందు పురుగును పైకెక్కిస్తుంది."

"సచ్చేదాన్ని పైకెందుకెక్కిచ్చుడు?"

"పైన చస్తేనే గదా ఈ పొడి కింద ఉన్న పురుగుల మీద రాలేది. గాలికి పక్క మొక్కల మీదికీ పోతుంది. ఎక్కాలన్నది పురుగు ఆలోచన కాదు, బూజు ఆలోచన."

భూమక్క చాలాసేపు ఆ పురుగునే చూసింది. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం కూడా నేను అదే మొదటిసారి చూడటం.

ఆ ఉత్సాహంలో మర్నాడు రైతు వేదికలో ఒక ఉపన్యాసం పెట్టాను. పద్నాలుగు మంది వచ్చారు, అందులో పది మంది చాయ్ కోసం. చీమ ఒంట్లో బూజు చేరి దాన్ని చెట్టెక్కించి ఆకును కొరికించి చంపడం గురించి చెప్పాను. కీచురాయి కడుపులో వెంట్రుకలాంటి పాము పెరిగి, ఈత రాని కీచురాయిని నీళ్లలోకి దూకించడం గురించి చెప్పాను. తేనెటీగ కడుపులో కంటికి కనిపించని క్రిమి చేరితే, తుట్టెలో పిల్లలను సాకాల్సిన పడుచు ఈగ ఇంటిపని వదిలేసి, ఈడు రాకముందే బయట తిరుగుళ్లకు పోయి తొందరగా చస్తుందని చెప్పాను. "మా బామ్మర్దికి గదే క్రిమి వట్టినట్టుంది" అని వెనకనుంచి ఒకరు అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఉపన్యాసం అక్కడితో అయిపోయింది.

భూమక్క ఒక్కతే లేచి ప్రశ్న అడిగింది. "సారూ, ఎక్కుతున్నప్పుడు దానికి ఎరుకైతదా? నేను ఎక్కుతలేను, నన్ను ఎవలో ఎక్కిస్తున్నరని?"

పదేళ్ల సర్వీసులో నన్నెవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసి, "చాయ్ చల్లారిపోతుంది, తాగండి" అన్నాను.

రెండు రోజుల తర్వాత చేనుకు వెళ్తే భూమక్క స్టీలు టిఫిన్ డబ్బాలోకి తెల్లబడ్డ పురుగులను ఏరుతూ కనిపించింది. డబ్బా మూత మీద సిద్దిరాములు పేరు, కిందనే గృహప్రవేశం తేదీ చెక్కి ఉన్నాయి.

"ఇదేం పని?"

"తోడు. చెంచెడు తోడేస్తే కుండెడు పాలు పెరుగైతలేవా? డబ్బెడు పురుగులకు ఎకరం కాదా?"

కాదనబోయి ఆగాను. ఎందుకంటే అవుతుంది. చచ్చిన పురుగులను నూరి, చల్లటి నీళ్లలో కలిపి, వడగట్టి, ఎండ తగ్గాక సుడుల్లో చిలకరిస్తే ఆ బూజు కొత్త పురుగులకు అంటుతుంది. కాకపోతే మాకు వచ్చిన ఏ కాగితంలోనూ 'డబ్బెడు' అనే కొలత లేదు. "చేసుకో గాని నేను చెప్పానని ఎక్కడా అనకు" అన్నాను. అధికారిగా ఆ సీజన్‌లో నేనిచ్చిన మంచి సలహా అదొక్కటే.

అలా పురుగు తోడు మొదలైంది. మొదటి డబ్బా లింగవ్వకే పోయింది, ఆ తర్వాత ఇంకో ఐదు ఇళ్లకు. అంతా ఆడవాళ్ల మధ్యనే. మగవాళ్లకు పంపు ఉంది, ఈ ముచ్చట వాళ్ల చెవిన వేస్తే నవ్విపోతారని ఎవరూ చెప్పలేదు. పెరుగు తోడుకున్న కట్టుబాట్లన్నీ భూమక్క దీనికీ పెట్టింది. దీపాలు పెట్టాక తోడు ఇవ్వదు. మంగళవారం ఇవ్వదు. డబ్బాను ఒట్టిగా తిరిగి ఇయ్యకూడదు, తమ చేలో పురుగులు తెల్లబడ్డాక పది ఏరి అందులో వేసి ఇయ్యాలి.

"దీపాలు పెట్టాకే గదా చల్లాల్సింది? ఎండ తగలకూడదని చెప్పానా లేదా?" అని నేను అరిచాను.

"తోడు పొద్దుగాల తెచ్చుకుంటరు, మాపటికి పాలల్ల ఏస్తరు. గింత చదువుకున్నవు, గది గూడ ఎరుక లేదా సారూ?"



ఐదు ఇళ్ల చేలల్లో వారం తిరిగేసరికి పురుగులు మిద్దెలెక్కాయి. లింగవ్వ చేలో మాత్రం ఒక్కటీ ఎక్కలేదు. సుడుల్లోనే కూర్చుని తింటున్నాయి. ఒక మధ్యాహ్నం ఆమె చాట పక్కన పెట్టి అడిగేసింది. అరుగు మీద ఇంకో నలుగురు ఆడవాళ్లున్నారు. అరుగు కింద నేనూ ఉన్నాను.

"భూమక్కా, అందరికీ మంచి తోడిచ్చి, నాకు మురిగిన తోడిచ్చినవా ఏంది?"

"అగో, ఒక్క చేను తోడే గదనే అందరికిచ్చింది! ఎట్ల కలిపినవ్?"

"ఎట్ల కలుపుతరు? నీళ్లు కాగబెట్టి, కొంచెం ఆరబెట్టి ఏసిన. సల్లటి పాలల్ల తోడేస్తే పెరుగైతదా?"

లింగవ్వ పొయ్యి రాజేసి, బకెట్లకొద్దీ నీళ్లు కాచి, ఆ వేడిలో బూజును శుభ్రంగా ఉడకబెట్టి, ఎకరం చేనుకు చీపురుకట్టతో చల్లిందన్నమాట. తోడు వేసే ఏ ఇల్లాలైనా చేసేదే ఆమె చేసింది. తప్పు చెప్పాలంటే నాది. చల్లటి నీళ్లని భూమక్కకు ఒక్కదానికే చెప్పి ఊరుకున్నాను. కానీ భూమక్క నవ్వింది. మామూలుగా కాదు, పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. ఆమెను చూసి నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను.

లింగవ్వ నవ్వలేదు. చాట తీసుకుని లేచి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున భూమక్క ప్రహరీ గోడ మీద స్టీలు డబ్బా కనిపించింది. మూత తీసి చూస్తే ఒట్టిది. కడిగి, తుడిచి మరీ పెట్టింది. అందులో వాడకుండా మిగిలిన సగం పురుగులను లింగవ్వ కోపంతో తన చేలో విసిరికొట్టిందని తర్వాత తెలిసింది. అప్పటినుంచి అరుగు మీద ఒక్క చాటే మిగిలింది. భూమక్క పైకి, "పోతే పోనీ" అంది. కానీ ఆ రోజు నుంచి బీడీలు చుట్టేటప్పుడు పక్కన రెండడుగుల జాగా వదిలే కూర్చునేది.

సరిగ్గా అప్పుడు భూమక్క రెండు రోజుల కోసం కామారెడ్డిలో ఉన్న చెల్లెలింటికి పోయింది. సరిగ్గా అప్పుడే సిద్దిరాములు తిరిగొచ్చాడు. ఇప్పుడు నేను చెప్పబోయేది నాకు ఇష్టం లేని భాగం.

ఆ రోజు నేనూ కామారెడ్డిలోనే ఉన్నాను, మీటింగులో. ముందు కూర్చున్న పెద్ద సారు నా నివేదిక గురించే అడుగుతుండగా జేబులో ఫోన్ మోగింది. సిద్దిరాములు.

"సారూ, మక్క మీద తెల్లగ బూజు వట్టింది. ఏం కొట్టాలె?"

బూజు ఎక్కడ పట్టింది, ఆకుకా, పురుగుకా అని నేను అడగాలి. చదువుకున్నవాడు ఎవడైనా అడుగుతాడు. నేను టేబుల్ కిందికి వంగి, బూజు మందు పేరు ఒకటి చెప్పి, లీటరుకు ఇన్ని గ్రాములని చెప్పి, ఫోన్ పెట్టేశాను. మొత్తం పన్నెండు సెకన్లు. తర్వాత ఫోన్‌లో చూసుకున్నాను.

సిద్దిరాములు ఆ మందు తెచ్చి భార్య చేనంతా తడిచేలా కొట్టాడు. ఆమె లేని సమయంలో ఆమె చేనుకు జబ్బు పట్టిందని, ఆమె వచ్చేసరికి నయం చేసి సంతోషపెట్టాలని ఆయన తాపత్రయం. ఆ తర్వాత ఊరి మగవాళ్లు తమ చేలల్లోనూ తెల్లగా కనిపిస్తోందని పిలిస్తే, మిగతా ఐదు చేలకూ కొట్టాడు. బూజు అంతా చచ్చిపోయింది. పురుగులకు మాత్రం ఏమీ కాలేదు. వాటికి పట్టిన రోగానికి మేమిద్దరం కలిసి వైద్యం చేశామన్నమాట.

లింగవ్వ ఒక్కతే పంపును గట్టు దాటనివ్వలేదు. "మీ ఇంటి తోడొద్దు, మీ ఇంటి మందొద్దు" అని కొడవలి పట్టుకుని నిలబడిందట.

భూమక్క తిరిగొచ్చి చేను చూసి నాకు ఫోన్ చేసింది. గొంతు చాలా నిమ్మళంగా ఉంది. ఆ నిమ్మళం వింటే భయమేసింది.

"సారూ, మా ఆయన ఎవలో సారుకు ఫోన్ చేసి అడిగి కొట్టిండట. ఏ సారంటవ్?"

"ఏ సారో..." అన్నాను. ఆ తర్వాత ఇంకా అబద్ధం ఆడలేక, "నేనే" అన్నాను.

అవతలి నుంచి తిట్లు వస్తాయని చెవికి ఫోన్ కాస్త దూరంగా పట్టుకున్నాను. తిట్లు రాలేదు. "పంట పోతది సారూ" అంది, అంతే. తిట్టినా బాగుండేది.

వెళ్లి చూశాను. ఆమె చెప్పింది నిజం. సుడుల్లో కొత్త పెంట, కొత్త పురుగులు. ఇంకో పది పన్నెండు రోజుల్లో పూత రావాలి. ఈలోగా సుడిని లోపలి నుంచి తినేస్తే కంకి ఉండదు. సిద్దిరాములు పంపు పక్కన తలపట్టుకుని కూర్చున్నాడు. "ఇంకో మందు కొడుదునా?" అని మెల్లగా అడిగాడు. ఆయనవైపు చూసి భూమక్క, "ఆ పంపు కండ్ల వడకుంట దాచిపెట్టు" అంది.

తోడు ఉంటే చాలు, మళ్లీ మొదలుపెట్టొచ్చు. మళ్లీ ముసురు పట్టేలా ఉంది, బూజుకు అంతకన్నా ఏం కావాలి? కానీ తోడు ఎక్కడుంది? ఐదు చేలూ గాలించాను. తెల్ల పురుగు ఒక్కటీ లేదు. వచ్చేదారిలో బండి ఆపి అటు చూశాను కదా, లింగవ్వ చేను గట్టు వెంబడి ఆకుల కొసలన్నీ తెల్లగా ఉన్నాయి. కోపంతో విసిరికొట్టిన సగం డబ్బా అది. కాగిన నీళ్లు తగలని సగం.

ఆ మాట భూమక్కకు చెప్పాను. ఆమె మొహం వాడిపోయింది.

"నేను పోయి అడుగుతా. తప్పు నాది" అన్నాను.

"వద్దు. అవసరమున్నోళ్లే పోయి తోడడగాలె సారూ. మనిషిని పంపి తెప్పిస్తే అది తోడు గాదు."

"అయితే పో."

"పోత. ఇయ్యాల మంగళారం."

బుధవారం వెళ్లాను. లింగవ్వ ఇంట్లో లేదని భూమక్క చెప్పింది. లింగవ్వ నాకు గట్టు మీద కనిపించింది. గురువారం వెళ్తే వాన పడుతోందంది. వానలో బర్రెను తోలుకుని ఊరంతా తిరిగొచ్చింది గాని పక్కింటికి పోలేదు. పురుగులు మాత్రం వారాలు, వర్జ్యాలు చూడకుండా తింటున్నాయి. శుక్రవారం సాయంత్రం నాకు నిజంగానే కోపం వచ్చింది.

"ముప్పై ఒక్క ఏళ్లు ఎవరినీ తోడు అడగలేదని ముప్పై రెండో ఏట పంట పోగొట్టుకుంటావా? నీ గొప్ప నీ దగ్గరే పెట్టుకో. కంకులు వస్తాయేమో దాంట్లోంచి!"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నా గొప్ప గురించి గాదు సారూ" అంది. "నలుగురి ముంగట నవ్విన దాన్ని. ఏం మొఖం వెట్టుకుని పోవాలె?"

నేనూ ఆ నవ్వినవాళ్లలో ఉన్నాను.

ఇంకాసేపు కూర్చుని, లేచి లోపలికి పోయి ఆ స్టీలు డబ్బా కొంగు కింద పెట్టుకుని వచ్చింది. నలభై అడుగులు కూడా లేని దూరం. ఆమె వెనక నేను, నా వెనక సిద్దిరాములు. రోజూ మాట్లాడుతూ నడిచే మనిషి ఆ రోజు కిందికి చూస్తూ నడిచింది. సగం దారిలో ఆగి, "సారూ, కాళ్లు నాయే గాని, నడిపిచ్చేదెవలో ఎరుకైతలేదు" అంది. రైతు వేదికలో అడిగిన ప్రశ్నకు నేను ఇవ్వలేని జవాబు అదేనేమో అనిపించింది.

మేం చేరేసరికి మసక చీకటి. వీధిలో ఇళ్లన్నింట్లో వెలుతురు వచ్చేసింది. లింగవ్వ బల్బు కింద కూర్చుని బీడీలు చుడుతోంది. తల ఎత్తలేదు.

"ఎవలు?"

"నేనే."

"ఏం గావాలె?"

భూమక్క డబ్బాను ముందుకు చాచింది. మాట రాలేదు. పెదవులు రెండుసార్లు కదిలాయి. మూడోసారి వచ్చింది.

"తోడు."

సిద్దిరాములు పక్కకు తిరిగి ముక్కు చీదాడు. లింగవ్వ చేతిలో బీడీకి దారం చుట్టి, ముడి వేసి, చాటలో పెట్టి, అప్పుడు చూసింది.

"దీపాలు వెట్టినంక తోడియ్యద్దు గదనే. నువ్వే గదా చెప్పినవ్, ఊరందరికీ?"

భూమక్క తల ఊపింది. నిజమే మరి. "రేపు పొద్దుగాల వస్త" అని వెనక్కి తిరిగింది.

"ఆగు." లింగవ్వ ఒళ్లోని చాట దించి లేచింది. "గా కట్టుబాటు మీ ఇంటిది. మా ఇంట్ల దీపం వెట్టుడెక్కడిది? బల్బే ఉన్నది." లోపలికి తిరిగి గట్టిగా అరిచింది. "అబ్రాహామూ! టార్చి వట్కరా."

అందరం ఆమె చేనుకు నడిచాం. అబ్రాహాము టార్చి పట్టాడు. లింగవ్వ ఒక్కో ఆకు వంచి, కొసన బిగుసుకున్న పురుగును పొడి రాలకుండా గిల్లి డబ్బాలో వేసింది. భూమక్క పట్టుకుని నిలబడింది. డబ్బా నిండాక లింగవ్వ మూత పెట్టి, గట్టిగా నొక్కి, భూమక్క చేతిలో పెట్టింది. పెట్టి, ఆ చెయ్యి వదలకుండా అంది.

"నీళ్లు కాగబెట్టకు, మల్ల."

ముందు అబ్రాహాము నవ్వాడు. తర్వాత లింగవ్వే నవ్వింది. భూమక్క నవ్వబోయి ఏడ్చింది. "తప్పయిందే లింగవ్వా, గట్ల నవ్వొద్దుండె" అని లింగవ్వ భుజం మీద తల పెట్టుకుంది. "డబ్బ జారుతది, గట్టిగ వట్టుకో ముందు" అంది లింగవ్వ. ఆమె కళ్లూ తడిశాయి.

మర్నాడు సాయంత్రం ఎండ తగ్గాక రెండెకరాలకూ తోడు వేశాం. మిగతా ఐదు ఇళ్లవాళ్లూ లింగవ్వ గట్టు నుంచే తోడు తెచ్చుకున్నారు. పంపులో మందు చుక్క కూడా మిగలకూడదని సిద్దిరాములు చేత ఏడుసార్లు కడిగించాను. ఆయన ఎప్పుడూ అంత శ్రద్ధగా కొట్టలేదు. సాలు వెంట సాలు, సుడి వెంట సుడి. వారం దాటాక ఒక పొద్దున భూమక్క నుంచి ఫోన్. "ఎక్కినయి సారూ" అంది. నేను ఎల్లారెడ్డిలో బ్రష్ నోట్లో పెట్టుకునే గంతేశాను. కొన్ని సాళ్లలో సుడులు పోయాయి, అవి పోయినట్టే. మిగతా చేనుకు కంకి వచ్చింది. ఇప్పుడు సిద్దిరాములు పక్క ఊళ్లకు పోయి, ఆ పురుగులను తన తైవాన్ పంపుతోనే చంపానని చెప్పుకుంటున్నాడు.

అరుగు మీద మళ్లీ రెండు చాటలు చేరాయి. పోయినవారం నేను వెళ్లేసరికి భూమక్క లోపలి నుంచి ఆ స్టీలు డబ్బా తెచ్చి లింగవ్వ ముందు పెట్టింది. ఒట్టి డబ్బా ఇయ్యకూడదు కదా. లింగవ్వ మూత తీసింది. లోపల తెల్లగా, గట్టిగా, అంచులదాకా ముప్పై ఒక్క ఏళ్ల తోడు పెరుగు.

లింగవ్వ డబ్బావైపు చూసింది. ఆ డబ్బాలో నెలంతా ఏమేం తిరిగాయో మా ముగ్గురికీ తెలుసు. తర్వాత నావైపు చూసింది.

"సారూ, ముందుగాల నువ్వు రుచి చూడు."

"నాకు పెరుగు పడదు" అన్నాను.

"మా బూజుకు నీ మందు పడ్డదా?" అంది భూమక్క, చెంచా నా చేతికిస్తూ.

తిన్నాను. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఒక చెంచా మింగాను. ఇద్దరూ బీడీలు చుట్టడం ఆపి నా మొహంలోకి చూస్తున్నారు. రెండో చెంచా వాళ్లు తినమనలేదు, నేనే తిన్నాను.